సైన్సు క్లాసులో పిల్లల చేత పిల్లలకు చెప్పించడం ఎలా?

న్యూటన్ గమన నియమాలు మూడూ పిల్లలు గడగడా అప్పజెబుతారు. లెక్క ఇస్తే సూత్రంలో విలువలు వేసి చేసేస్తారు. తీరా "బంతిని పైకి విసిరాం. చేతిని వదిలి ఇంకా పైకి పోతూనే ఉంది. ఇప్పుడు దాని మీద ఏ బలం పనిచేస్తోంది?" అని అడిగితే ఎక్కువమంది "పైకి నెట్టే బలం" అంటారు. నియమం నోటికొచ్చింది గానీ, చిన్నప్పటి నుంచి మనసులో పాతుకున్న నమ్మకం చెక్కుచెదరలేదన్నమాట. మనం ఇంకోసారి, ఇంకా నిదానంగా చెప్పినా అది కదలదు. తన నమ్మకాన్ని బయటపెట్టి సమర్థించుకోవాల్సిన అవసరం పిల్లవాడికి మన పాఠంలో ఎక్కడా రాలేదు. పక్కవాడు "అదెట్లా రా?" అని నిలదీస్తే ఆ అవసరం వస్తుంది.

ఆ నిలదీత క్లాసులో రోజూ, పద్ధతిగా జరగాలంటే ఏం చేయాలో మెట్టు మెట్టుగా రాస్తున్నాను. ఎనిమిది నుంచి పది తరగతులు, 45 నిమిషాల పీరియడు, యాభై మంది దాకా పిల్లలు, ఒక నల్లబల్ల ఉన్నాయనుకుని రాశాను. ప్రొజెక్టరు, ట్యాబులు అక్కర్లేదు. ఇంటర్ లెక్చరర్లకూ పద్ధతి ఇదే, ప్రశ్నలు మారతాయంతే.

దీన్ని దేనితో పొరబడకూడదు

పిల్లల చేత చెప్పించడం అనగానే మన బడుల్లో రెండు పనులు గుర్తుకొస్తాయి. బాగా చదివే అమ్మాయిని బెంచీకి లీడరుగా పెట్టి, మిగతావాళ్ల చేత అప్పజెప్పించుకోమనడం ఒకటి. సెమినార్ పేరుతో ఒకరు బోర్డు దగ్గరికొచ్చి పుస్తకంలో పేరా చదివి వెళ్లిపోవడం ఇంకోటి. నిర్వచనాలు, సంకేతాలు, సంయోజకతలు కంఠతా రావడానికి లీడర్ల పద్ధతి పనికొస్తుంది, మానేయమని నేననను. కానీ రెండింటిలోనూ మాట్లాడేది ఒక్కరు, వినేది మిగతా అందరూ. అంటే టీచరు చేసే పనే ఇంకా తక్కువ తెలిసిన మనిషి చేస్తున్నారు. మనకు కావలసింది అది కాదు. క్లాసులో ప్రతి ఒక్కరూ ముందు ఒక జవాబుకు కట్టుబడాలి, ఆ తర్వాత దాన్ని వేరే జవాబు ఎంచుకున్నవాళ్ల ముందు నిలబెట్టుకోవాలి. ఈ రెంటిలో ఏది తప్పినా మిగిలేది కబుర్లే.

టీచర్ల శిక్షణల్లో తరచూ చూపించే పిరమిడ్ బొమ్మ ఒకటి ఉంది. విన్నది ఇంత శాతం గుర్తుంటుంది, ఇతరులకు చెప్పింది 90 శాతం గుర్తుంటుంది అని. ఆ అంకెలకు ఆధారమైన పరిశోధన ఏదీ లేదు. దాన్ని నమ్మి ఈ పద్ధతి మొదలుపెట్టకండి, ఇంతకంటే గట్టి ఆధారాలే ఉన్నాయి.

ఇది మనకు కొత్తేం కాదు

1823లో బళ్లారి కలెక్టరు ఎ. డి. క్యాంబెల్ తన జిల్లా బడుల గురించి మద్రాసు ప్రభుత్వానికి నివేదిక పంపాడు. తెలుగు, కన్నడం రెండూ నడిచే జిల్లా అది. అక్కడి బడుల మీద అతనికి చాలా ఫిర్యాదులే ఉన్నాయి. అయినా తక్కువ ఖర్చులో రాత నేర్పే తీరును, ముందున్న పిల్లలు వెనకున్నవాళ్లకు నేర్పే ఏర్పాటును మెచ్చుకుని, ఇంగ్లండు దాన్ని అనుకరించడం సబబేనన్నాడు. అంతకు ముందే మద్రాసులో సైనికుల అనాథ పిల్లల బడి నడిపిన ఆండ్రూ బెల్, ఇక్కడి పిల్లలు ఇసుకలో దిద్దడం చూసి దాన్ని తన బడిలో ప్రవేశపెట్టాడు. పిల్లల చేతే పిల్లలకు నేర్పించి, 1797లో లండన్లో ఆ అనుభవాన్ని అచ్చువేశాడు. అది మద్రాసు పద్ధతిగా ఇంగ్లండంతా పాకింది. అయితే అక్కడ నేర్పింది అక్షరాలు, ఎక్కాలు. సైన్సులో భావనలు తలకెక్కడం వేరే పని.

ఆ పనికి దారి చూపినవాడు హార్వర్డ్ భౌతికశాస్త్ర ఆచార్యుడు ఎరిక్ మజూర్. అమెరికాలోని అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయంలో హల్లూన్, హెస్టినెస్ 1985లో ఒక విషయం బయటపెట్టారు: కాలేజీ భౌతికశాస్త్రం పాసైనవాళ్లకు కూడా బలం, చలనం గురించి సామాన్య జనానికి ఉండే పొరపాటు నమ్మకాలే మిగిలిపోతున్నాయి. మా హార్వర్డ్ పిల్లలు అలా ఉండరులే అనుకుని మజూర్ వాళ్లకు అలాంటి ప్రశ్నలే ఇచ్చాడు. ఒక విద్యార్థిని లేచి, "వీటికి మీరు చెప్పినట్టు రాయాలా, నేను మామూలుగా అనుకునేట్టు రాయాలా?" అని అడిగింది. తర్వాత ఒకరోజు ఒకే ప్రశ్నను రెండు రకాలుగా వివరించినా ఎవరికీ బోధపడకపోతే, మీలో మీరు మాట్లాడుకోండి అన్నాడు. క్లాసు సంతలా మారింది, కాసేపట్లో జవాబు తేల్చేశారు. 1991 నుంచి అదే ఆయన బోధన పద్ధతి అయింది. మొదట్లో అక్కడ కూడా చేతులెత్తడం, అట్టముక్కలు చూపడమే, బటన్లు నొక్కే పరికరాలు తర్వాత వచ్చాయి.

మొదటి మెట్టు: ప్రశ్న ఎంచుకోవడం

నూటికి డెబ్బై పాళ్ల పని ఇక్కడే ఉంది. ప్రశ్న కుదిరితే మిగతా మెట్లు వాటంతట అవే నడుస్తాయి. "నిరోధానికి ప్రమాణం ఏది?" అని అడిగితే పిల్లలు మాట్లాడుకోవడానికి ఏముంది? తెలిసినవాళ్లు చెబుతారు, తెలియనివాళ్లు రాసుకుంటారు. లెక్క ఇచ్చినా అంతే, ఎవరు ముందు చేశారా అని వాళ్ల నోట్సులోకి తొంగి చూస్తారు.

మంచి ప్రశ్నలో లెక్క ఉండదు, ఒకే భావన ఉంటుంది, పుస్తకంలో నేరుగా జవాబు దొరకదు. ముఖ్యంగా, అందులోని తప్పు జవాబులు పిల్లల నోటి నుంచి వచ్చినవై ఉంటాయి. మనం కుర్చీలో కూర్చుని ఊహించే తప్పులు వేరు, పిల్లలు నిజంగా చేసే తప్పులు వేరు. నాలుగు ఉదాహరణలు ఇస్తాను.

బ్యాటరీకి ఒకే రకం టార్చిబల్బులు రెండు శ్రేణిలో కలిపాం. ఏది ఎక్కువ వెలుగుతుంది?
ఎ) ప్లస్ వైపు ఉన్నది
బి) మైనస్ వైపు ఉన్నది
సి) రెండూ సమానంగా వెలుగుతాయి
డి) మొదటిదే వెలుగుతుంది, రెండోది వెలగదు

"కరెంటు మొదటి బల్బులో కొంత ఖర్చయిపోతుంది, మిగిలింది రెండోదానికి వెళ్తుంది" అనుకునేవాళ్లు 'ఎ' ఎత్తుతారు. ఎలక్ట్రాన్లు రుణధ్రువం నుంచి బయల్దేరతాయని చదువుకున్నవాళ్లు 'బి' ఎత్తుతారు. అంటే కాస్త ఎక్కువ చదివినవాళ్లు కూడా అదే పొరపాటును తిరగేసి చేస్తున్నారని ఈ ఒక్క జవాబు చెబుతుంది. ప్రశ్నలో ఆ రెండూ లేకపోతే ఆ సంగతి మనకు ఎప్పటికీ తెలియదు.

రెండోది: నీళ్లు తెర్లుతున్నాయి, అడుగు నుంచి పెద్ద బుడగలు లేస్తున్నాయి. ఆ బుడగల్లో ఏముంది? గాలి, హైడ్రోజన్ ఆక్సిజన్ వాయువులు, నీటి ఆవిరి, ఏమీ లేదు. నీటి ఫార్ములా తెలిసిన పదో తరగతి పిల్లలు రెండోదాని వైపు మొగ్గుతారు. ప్రశ్నలో "తెర్లుతున్నాయి" అని కచ్చితంగా చెప్పాలి. వేడెక్కడం మొదలైనప్పుడు గిన్నె అంచుకు పట్టే చిన్న బుడగలు నీటిలో కరిగి ఉన్న గాలివే. ఏదో ఒక పిల్లవాడు దాన్ని గమనించి ఉంటాడు, వాడి పరిశీలన తప్పని అనిపించకూడదు.

మూడోది జీవశాస్త్రంలో: వేప మొక్క ఇరవై ఏళ్లలో పెద్ద మాను అయింది. ఎండిన ఆ కలప బరువులో ఎక్కువ భాగం ఎక్కడి నుంచి వచ్చింది? మట్టి, నీరు, గాలిలోని కార్బన్ డయాక్సైడ్, సూర్యరశ్మి. కిరణజన్య సంయోగక్రియ సమీకరణం తప్పు లేకుండా రాసే పిల్లలు కూడా "మట్టి" అంటారు. ఎండిన కలప బరువులో దాదాపు సగం కార్బనే. చర్చ అయ్యాక వాన్ హెల్మాంట్ ప్రయోగం చెప్పండి. 200 పౌన్ల ఎండుమట్టిలో విల్లో మొక్క నాటి అయిదేళ్లు నీళ్లు మాత్రమే పోశాడు. చెట్టు బరువు 164 పౌన్లు పెరిగింది, మట్టిలో తగ్గింది రెండు ఔన్సులే. 1648లో అచ్చయిన ఆ ప్రయోగం నుంచి ఆయన చెట్టంతా నీటితోనే అయిందని తేల్చాడు. మట్టి కాదన్నది సరే, మరి నీరే అన్న మాటలో లోపమెక్కడుందో పిల్లల్నే వెతకమనండి.

ఎనిమిదో తరగతికి ఇంకా తేలికది: స్టీలు గ్లాసులో ఐసు నీళ్లు పోశాం, బయట చెమ్మ పట్టింది. ఆ నీళ్లెక్కడివి? గ్లాసులోంచి ఊరాయి, చల్లదనమే నీరైంది, గాలిలోని ఆవిరి చల్లబడింది. లోపలి నీళ్లలో కాస్త రంగు కలిపి చూద్దామనే ఉపాయం పిల్లలకే తడుతుంది.

ఇలాంటి తప్పు జవాబులు సేకరించడానికి మంచి దారి చీటీలు. పాఠం మొదలయ్యే ముందు రోజు, పీరియడు చివర్లో "గ్లాసు బయట నీళ్లెందుకు పట్టాయి? ఒక్క వాక్యం రాసివ్వండి, పేరు రాయొద్దు" అని అడగండి. ఇంటికెళ్లి చదివితే మూడు నాలుగు రకాల ఆలోచనలే మళ్లీమళ్లీ కనిపిస్తాయి. వాటినే పిల్లల మాటల్లోనే మర్నాటి ప్రశ్నకు జవాబులుగా పెట్టండి.

రెండో మెట్టు: అట్టముక్కలు, జంటలు

ప్రతి ఒక్కరి దగ్గరా పెద్ద అక్షరాలతో ఎ, బి, సి, డి రాసిన నాలుగు అట్టముక్కలు ఉండాలి. పాత క్యాలెండరు అట్టలు చాలు. అవీ లేకపోతే వేళ్లు చూపించమనండి, కానీ చెయ్యి పైకెత్తకుండా గుండెకు ఆనించి. అప్పుడు మీకు కనిపిస్తుంది, వెనక బెంచీకి కనిపించదు.

జంటలు మీరే నిర్ణయించండి, వారం వారం మార్చండి. పిల్లలకే వదిలేస్తే స్నేహితులు స్నేహితులతో, ఒక వాడవాళ్లు ఆ వాడవాళ్లతో, మగపిల్లలు మగపిల్లలతో కూర్చుంటారు. ఊళ్లో ఎవరి పక్కన ఎవరు కూర్చోరన్నది బడి లోపలికీ వస్తుంది, దాన్ని చూసీ చూడనట్టు పోనివ్వకూడదు. హాజరు పట్టీలో నంబర్ల ప్రకారం, ఈ వారం ఒకటి పక్కన పదమూడు, వచ్చే వారం ఒకటి పక్కన ఇరవై అయిదు అన్నట్టు జరిపితే ఎవరూ ఎవర్నీ ఎంచుకున్నట్టు ఉండదు, ఎవరూ ఎవర్నీ కాదన్నట్టూ ఉండదు.

మూడో మెట్టు: ఒంటరిగా, నోరు విప్పకుండా

ప్రశ్న బోర్డు మీద రాసి, ఒకసారి చదివి, ఆగండి. ఒకటిన్నర, రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు. ప్రతి ఒక్కరూ నోట్సులో అక్షరం, దాని కింద "ఎందుకంటే" అని ఒక వాక్యం రాయాలి. ఈ వాక్యం లేకపోతే తర్వాతి మెట్టులో చర్చ జరగదు, "నీదేంటి? నాది సి" అనుకుని ఊరుకుంటారు.

ఆ నిశ్శబ్దం మనకే కష్టం. చిన్న సూచన ఇద్దామని నోరు ఊరుతుంది. ఇవ్వకండి.

తర్వాత "ఒకటి, రెండు, మూడు" అనగానే అందరూ ఒక్కసారే అట్ట ఎత్తాలి. ఒకరు ముందెత్తితే మిగతావాళ్లు ఫస్టు ర్యాంకరు అట్ట చూసి మార్చుకుంటారు. ఈ ఓటుకు మార్కులు ఎప్పుడూ వేయకండి. మార్కు పడుతుందంటే పిల్లలు తాము నమ్మింది చూపించరు, మీరు కోరుకుంటున్నారనుకున్నది చూపిస్తారు.

నాలుగో మెట్టు: ఓట్లు చూసి నిర్ణయించడం

తలలు లెక్కపెట్టక్కర్లేదు, ఒక్క చూపు చాలు. యాభై మందిలో సరైన జవాబు పదిహేను మందికి లోపే ఉంటే చర్చ పెట్టకండి. మాట్లాడుకోవడానికి కావలసిన సరుకే క్లాసులో లేదు, వెనక్కి వెళ్లి ఇంకో ఉదాహరణతో పాఠం చెప్పండి. ముప్పై అయిదు మంది దాటితే ఒకరిచేత కారణం చెప్పించి ముందుకెళ్లండి. ఈ రెంటి మధ్య ఉంటే చర్చకు అదే అదను. ప్రశ్నలు చాలావరకు ఈ మధ్య భాగంలో పడుతున్నాయంటే మీ ఎంపిక సరిగ్గా ఉన్నట్టు.

ఇక్కడ ఒక్క కట్టుబాటు ఉంది: ఏది సరైనదో చెప్పకూడదు. ఏ అట్టలు ఎన్నున్నాయో కూడా చెప్పకండి. "ఎక్కువమంది సి ఎత్తారు" అన్న మరుక్షణం చర్చ ముగిసినట్టే.

అయిదో మెట్టు: ఒప్పించడం

మీరు చెప్పాల్సింది ఒక్క మాట: "పక్కవాళ్లది మీకంటే వేరే జవాబైతే వాళ్లను ఒప్పించండి. ఒకటే అయితే వెనక్కి తిరిగి వేరే జవాబున్నవాళ్లను పట్టుకోండి." మూడు, నాలుగు నిమిషాలు ఇవ్వండి. "చర్చించండి" అంటే పిల్లలకు ఏం చేయాలో తెలియదు. "ఒప్పించండి" అంటే తెలుస్తుంది.

బంతి ప్రశ్న మీద ఇలాంటి మాటలు వినిపిస్తాయి:

"పైకి పోతోంది కదే, మరి పైకి బలం లేకుండా ఎట్లా పోతది?"
"చెయ్యి ఆనినంతసేపే కదా నెట్టింది? వదిలాక ఎవరు నెడుతున్నారు?"
"చెయ్యి ఇచ్చిన బలం బంతిలో ఉంటది."
"ఉంటే మరి పైకి పోయేకొద్దీ ఎందుకు నిదానమైతది?"
"ఆ బలం అయిపోతా ఉంటది కాబట్టి."
"మరి క్యారమ్ బోర్డు మీద పౌడర్ చల్లితే స్ట్రైకర్ ఎక్కువ దూరం పోతది. పౌడర్ చల్లితే బలం అయిపోదా?"

అయిదో మాట దగ్గర చాలామంది టీచర్లం తొందరపడి కల్పించుకుంటాం. ఎందుకంటే "ఇచ్చిన బలం వస్తువులో నిలవుండి ఖర్చవుతుంది" అన్నది వినడానికి సబబుగానే ఉంటుంది, శతాబ్దాల పాటు పండితులే దాన్ని నమ్మారు. కానీ ఆరో మాట చూడండి. వస్తువును ఆపేది లోపల అయిపోయే బలం కాదు, బయట నుంచి అడ్డుకునే ఘర్షణ అన్న సంగతిని ఆ అమ్మాయి తన ఆటలోంచే తీసింది. ఇక బంతిని అడ్డుకునే బయటి బలం ఏదో ఆలోచిస్తే గురుత్వాకర్షణ దగ్గరికి రావడం ఒక్క అడుగే. గాలి నిరోధాన్ని పక్కనపెడితే, చేతిని వదిలిన క్షణం నుంచి మళ్లీ చేతిలో పడేదాకా దాని మీదున్నది కిందికి లాగే ఆ ఒక్క బలమే. నిన్ననే ఆ ముడి విప్పుకున్న పిల్లకు ఆ ముడి ఎక్కడుందో గుర్తుంటుంది. ఇరవై ఏళ్లుగా తెలిసినదాన్ని చెప్పే మనకు అది కనిపించడం మానేసి చాలా కాలమైంది.

ఈ నాలుగు నిమిషాలు మీరు కుర్చీలో ఉండకూడదు. బెంచీల మధ్య తిరగండి, వినండి. ఎవరైనా "సార్, ఇది కరెక్టేనా?" అని అడిగితే తల కూడా ఊపకండి. "ఎందుకట్లా అనుకుంటున్నావు?" "పక్కమ్మాయి ఏం చెప్పిందో నీ మాటల్లో చెప్పు" అన్న రెండు మాటలతోనే నెట్టుకురావచ్చు. మంచి వాదన ఎక్కడ వినిపించినా, తప్పు వాదన ఎంత బలంగా ఉన్నా, ఎవరన్నారో గుర్తుపెట్టుకోండి. అయిదు నిమిషాల తర్వాత అది కావాలి.

తెలియనివాళ్లు తెలియనివాళ్లతో మాట్లాడితే తప్పు ఇంకా గట్టిపడదా అని భయం వేస్తుంది. ఈ ప్రశ్న మీద కొలరాడో విశ్వవిద్యాలయంలో జన్యుశాస్త్రం క్లాసులో చేసిన అధ్యయనం 2009లో సైన్స్ పత్రికలో వచ్చింది. చర్చ తర్వాత అదే భావన మీద కొత్త ప్రశ్న ఇచ్చి, ఎవరికి వారే జవాబు చెప్పమన్నారు. కొత్త ప్రశ్నలోనూ పిల్లలు మెరుగయ్యారు. గుంపులో మొదట ఎవరికీ సరైన జవాబు తెలియని చోట్ల కూడా చర్చ మేలు చేసిందని వాళ్లు తేల్చారు. పక్కవాడి జవాబు కాపీ కొట్టడం ఒక్కటే అయితే అలా జరిగేది కాదు.

ఆరో మెట్టు: రెండో ఓటు, ముడి విప్పడం

మళ్లీ ఒక్కసారే అట్టలు ఎత్తించండి. మామూలుగా ఓట్లు సరైన జవాబు వైపు కదులుతాయి. అప్పుడు కూడా వెంటనే జవాబు చెప్పకండి. ముందు తప్పు జవాబు వెనకున్న ఆలోచనను గౌరవంగా బయటికి తీయండి: "'ఎ' అనుకునేవాళ్లు ఎందుకలా అనుకుంటారు? ఎవరైనా చెప్పొచ్చు, మీ జవాబు అదే కానక్కర్లేదు." ఈ చివరి మాట ముఖ్యం. తప్పు తనదని ఒప్పుకోకుండానే పిల్లలు తమ ఆలోచన చెప్పగలుగుతారు. తర్వాత ఇందాక మీరు విన్న మంచి వాదనను, చెప్పిన పిల్ల చేతే చెప్పించండి.

వీలున్న ప్రతిచోటా తీర్పు ప్రయోగానికే వదిలేయండి. రెండు టార్చిబల్బులు, రెండు సెల్లులు, కాస్త తీగ. ఎల్‌ఈడీలు వద్దు, పాతకాలపు ఫిలమెంటు బల్బులే కావాలి. వెలిగించగానే ఒకటి కొంచెం మందంగా కనిపించవచ్చు, ఒకే కొట్లో కొన్నా రెండు బల్బులు అచ్చం ఒకేలా ఉండవు. 'ఎ' వర్గం "చూశారా!" అంటుంది. కంగారుపడకండి, "మరి దీన్ని ఎట్లా తేలుద్దాం?" అని అడగండి. బల్బులు అటుదిటు మార్చి పెడదామని ఎవరో ఒకరు అంటారు. మారిస్తే మందంగా వెలిగేది బల్బుతో పాటే అవతలి వైపుకు వెళ్తుంది. తేడా చోటుది కాదు, బల్బుది. ఒక్క చరరాశినే మార్చి చూడాలనే పాఠం ఇందులో అదనంగా దొరుకుతుంది.

ఏడో మెట్టు: జంట ప్రశ్న

పీరియడు చివర్లో గానీ మర్నాడు మొదట్లో గానీ, అదే భావన వేరే వేషంలో అడగండి. రెండు బల్బుల బదులు మూడు. బంతి బదులు గోడ మీదికి విసిరిన రాయి. గ్లాసు బదులు వానాకాలంలో బస్సు అద్దం. ఇది ఒంటరిగా, రాతలో. ఎవరికి నిజంగా అర్థమైందో ఇక్కడే తెలుస్తుంది.

మొత్తం ఒక ప్రశ్నకు పన్నెండు నిమిషాల దాకా పడుతుంది. కాబట్టి పీరియడుకు ఒకటే పెట్టుకోండి, అలవాటైతే రెండు. మిగతా సమయం మామూలు పాఠమే. సిలబస్ వెనకబడకుండా ఉండాలంటే నామకరణాలు, నిర్వచనాలు, పటాలు ఉన్న భాగాన్ని ఇంటి దగ్గర చదువుకు వదిలి, పిల్లలు ఏటా తప్పుతున్న చోట ఈ పన్నెండు నిమిషాలు ఖర్చుపెట్టండి.

కొత్త పాఠాన్ని పిల్లలే చెప్పాలంటే

పైన చెప్పింది ఒక భావనను తేల్చుకోవడానికి. ఒక పాఠం మొత్తాన్ని పంచుకుని చెప్పించాలంటే వేరే ఏర్పాటు ఉంది. అమెరికాలో టెక్సస్ రాష్ట్రం ఆస్టిన్లో 1971లో, నల్లజాతి, తెల్లజాతి, హిస్పానిక్ పిల్లల్ని ఒకే బడుల్లో కలిపిన కొత్తల్లో, వాళ్ల మధ్య పగలు తగ్గించడానికి ఎలియట్ ఆరన్సన్ అనే మనస్తత్వవేత్త దీన్ని మొదలుపెట్టాడు. ఒక్కొక్కరి దగ్గర పాఠంలో ఒక్కో ముక్క ఉంటుంది, మిగతా ముక్కలు కావాలంటే తోటివాళ్లు చెప్పింది వినక తప్పదు.

అన్ని పాఠాలకూ ఇది కుదరదు. ముక్కలు ఒకదాని మీద ఒకటి ఆధారపడకూడదు. కటక సూత్రం లాంటి పాఠానికి పనికిరాదు, రసాయన చర్యల రకాలకు బాగా నప్పుతుంది. 48 మంది ఉన్నారనుకోండి. నలుగురేసి పన్నెండు సొంత గుంపులు చేయండి. ప్రతి గుంపులో ఒకరికి రసాయన సంయోగం, ఒకరికి వియోగం, ఒకరికి స్థానభ్రంశం, ఒకరికి ద్వంద్వ వియోగం. మొదటి పీరియడులో ఒకే అంశం వచ్చిన పన్నెండు మందిని మళ్లీ నాలుగేసి మంది మూడు గుంపులుగా కూర్చోబెట్టండి. పన్నెండు మందినీ ఒక్కచోట వేస్తే ముగ్గురే మాట్లాడతారు. వాళ్లు ఆ భాగం చదివి, ఒక సమీకరణం తుల్యం చేసి, చూపించదగ్గ ప్రయోగం ఒకటి అనుకుని, "ఎవరైనా ఎక్కడ పొరబడతారు?" అన్నదానికి ఒక వాక్యం రాయాలి. మైలుతుత్తం ద్రావణంలో ఇనుప మేకు వేయడం పిల్లలే చేయగలరు. బేరియం క్లోరైడ్, సోడియం సల్ఫేట్ ప్రయోగం మాత్రం మీరే చేయండి, బేరియం లవణం విషం.

రెండో పీరియడుకు ముందు ప్రతి గుంపు కాగితం మీరు చూసి తీరాలి. ఇది వదిలేస్తే ఒక గుంపు చేసిన తప్పు నాలుగు సొంత గుంపులకు చేరుతుంది. తర్వాత సొంత గుంపుల్లో ఒక్కొక్కరు ఆరేసి నిమిషాలు చెబుతారు, పుస్తకం మూసి. చివర్లో ప్రతి ఒక్కరూ తాను చెప్పని ముక్క మీద ఒక ప్రశ్నకు జవాబు రాయాలి. ఆ ఒక్క షరతు వల్లే వినేవాళ్లు ప్రశ్నలు అడుగుతారు.

ఎదురయ్యే చిక్కులు

గోల అవుతుంది, పక్క క్లాసు టీచరు వచ్చి చూస్తారు. హెడ్మాస్టరుకు ముందే చెప్పండి, ఒకరోజు వచ్చి పిల్లల మధ్య కూర్చోమనండి. 2020 జాతీయ విద్యా విధానం కూడా తోటి పిల్లల చేత నేర్పించడం నేర్చుకునేవాళ్లకే కాక నేర్పేవాళ్లకూ మేలని రాసింది, కాగితం అడిగేవాళ్లకు అది చూపించవచ్చు. గోల ఆపడానికి ఒక గుర్తు పెట్టుకోండి, చప్పట్లు గానీ చెయ్యెత్తడం గానీ.

ఇంగ్లిష్ మీడియం క్లాసుల్లో ఇంగ్లిష్‌లోనే మాట్లాడమంటే చర్చ చచ్చిపోతుంది. ఆలోచన తెలుగులో సాగనివ్వండి, రాసేటప్పుడు పదాలు ఇంగ్లిష్‌లో రాయించండి. పుస్తకాలు రెండు భాషల్లో ఉన్నాయి కాబట్టి ఇబ్బంది లేదు. ఇద్దరు లంబాడా పిల్లలో, ఇద్దరు ఉర్దూ పిల్లలో పక్కపక్కన పడితే వాళ్ల మాటల్లోనే తేల్చుకోమనండి. మనకు అర్థం కాకపోయినా ఫర్వాలేదు, అట్టల్లో కనిపిస్తుంది.

నోరు విప్పని పిల్లలకు "ఎందుకంటే" వాక్యం పెద్ద ఆసరా. మాట్లాడలేకపోతే అది చదివి వినిపిస్తే చాలు. ఇక ఫస్టు ర్యాంకరు తల్లిదండ్రులు వచ్చి, "మా వాడి టైము వేరేవాళ్లకు చెప్పడానికే పోతోంది" అంటారు. వాడికి ఇచ్చే పని మార్చండి. సరైన జవాబు చెప్పడం వాడికి సులువు. తప్పు జవాబును దాన్ని నమ్మినవాళ్ల కంటే బాగా సమర్థించి, ఆ తర్వాత అది ఎక్కడ విరిగిపోతుందో చూపించమనండి. కంఠతా పట్టి మార్కులు తెచ్చుకునే పిల్లవాడు ఇక్కడ మొదటిసారి తడుముకుంటాడు. ఆ సంగతి తల్లిదండ్రులకు కూడా చూపించండి.

మొదలుపెట్టాక

మొదటి రెండు వారాలు వారానికి ఒకే ప్రశ్న, అదీ ప్రయోగంతో తేలేది. తర్వాత రోజు విడిచి రోజు. ఒక నోట్సు పెట్టుకోండి: ప్రశ్న, చర్చకు ముందు ఓట్లు, తర్వాత ఓట్లు, పిల్లలన్న మంచి మాట ఒకటి. పిల్లల పేర్లు రాయక్కర్లేదు. వచ్చే ఏడాది ఆ పాఠం దగ్గరికి వచ్చేసరికి ప్రశ్నలు చేతిలో సిద్ధంగా ఉంటాయి, పక్క బడి టీచరుకు ఇవ్వడానికీ పనికొస్తాయి.

ఎప్పుడో ఒకసారి రెండో ఓటు తప్పు వైపుకు కదులుతుంది. అలాంటప్పుడు ముందు ప్రశ్నను అనుమానించండి, మాటల్లో రెండు అర్థాలు వచ్చాయేమో చూడండి. ప్రశ్న బాగానే ఉంటే, ఓట్లను లాక్కుపోయిన వాదన ఏదో కనుక్కుని, చెప్పిన పిల్లవాడి చేత బోర్డు దగ్గర మళ్లీ చెప్పించండి. దానికి జవాబు క్లాసులో ఎవరి దగ్గరా లేకపోతే ప్రయోగం పెట్టండి. సామాను లేకపోతే ప్రశ్నను బోర్డు మూల అలాగే ఉంచి, రేపటికి వాయిదా వేయండి.